తెగటానికే పేనిన తోరం

బెజవాడ నుంచి హైదరాబాదు పోయే పెద్దరోడ్డు మీద కంచికచర్ల దాటి, కీసర దగ్గర మునేటి వంతెన ఎక్కేటప్పటికి దేశం రంగు మారిపోతుంది. దిగువ కృష్ణాలో కనిపించే కాలవగట్లూ, కొబ్బరిచెట్లూ, వరిమళ్ళూ వెనకబడిపోతాయి. రేగడి నేలలు మొదలవుతాయి. నల్లటి చేను, చేని నడుమ ఒంటరిగా ఒక వేపచెట్టో తుమ్మచెట్టో, దూరాన ఒక ఎర్రటి బోడిగుట్ట. ఇది మెట్ట. నందిగామా, జగ్గయ్యపేటా ఈ మెట్టకు రెండు గుమ్మాల వంటివి. ఇక్కడి రైతు మొదట మొగమెత్తి మబ్బును చూస్తాడు. తరువాతే మొగం దించి భూమిని చూస్తాడు. డెల్టా చుట్టాలు మా ఇళ్ళకు వచ్చినప్పుడు, "మీ వైపు ఏం పండుతాయర్రా?" అని జాలిగా అడగటం కద్దు. పత్తి పండుతుంది, మిరప పండుతుంది, కందీ పెసరా పండుతాయి. అయితే అన్నిటికీ వాన రావాలి.

సాగరం నీళ్ళు లేవా అని మీరు అడగవచ్చు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న కాలవలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలవ నల్లగొండ, ఖమ్మం సీమలు దాటి మా మెట్టలోకి వచ్చింది. వచ్చిందిగాని, పెళ్ళివిందులో ఆఖరి బంతికి వచ్చే పప్పులాగా వచ్చింది. అంచేత మాకు మబ్బుతో పని తీరలేదు. ఆ మబ్బుకు కూడా హద్దూ పద్దూ లేదు. 2023 జూలైలో ఒకసారి, 2024 సెప్టెంబరులో మళ్ళీ ఒకసారి, మునేరు పొంగి ఐతవరం దగ్గర ఈ పెద్దరోడ్డు మీదికే ఎక్కి కూర్చున్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు నందిగామా జగ్గయ్యపేటా ఎన్టీఆర్ జిల్లాలోకి పోయాయి. కాగితం మీద జిల్లా మారింది. మెట్ట మాత్రం మెట్టగానే ఉంది.

ఇట్లాంటి దేశంలో తొలకరికి ఒక పండుగ లేకపోతేనే ఆశ్చర్యపడాలి. ఆ పండుగ ఏరువాక పున్నమి. జ్యేష్ఠ శుద్ధ పూర్ణిమనాడు వస్తుంది. కాలేజీలో పిల్లల్ని అడిగితే, ఏరు అంటే నది గదండీ అంటారు. ఇక్కడి ఏరు అది కాదు. ఎడ్లను పూన్చి దున్నకానికి సిద్ధం చేసిన నాగలిని ఏరు అంటారు. "ఏరు కట్టటం" అనే మాట మా పల్లెల్లో నిన్నమొన్నటిదాకా వినపడేది. అరవంలో నాగలిని నేటికీ ఏర్ అనే అంటారు. 1955లో వచ్చిన 'రోజులు మారాయి' చిత్రంలో కొసరాజుగారు రాసిన ఏరువాక పాటకు వహీదా రెహమాన్ నర్తించింది. ఆ పాటతో పండుగ పేరు పట్నవాసులకు కూడా తెలిసింది. పేరు తెలిసిందిగాని, ఆనాడు పల్లెలో ఏం చేస్తారో ఎరిగినవారు తక్కువ.

ఉదయం పూట ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పొంగలి వండి వాటికి తినిపిస్తారు. నాగలికి పసుపూ కుంకుమా పెడతారు. ఇది అందరూ ఊహించగలిగినదే. అసలు పండుగ పొద్దువాలిన తరువాత మొదలవుతుంది. గోగునారతో లావుగా ఒక తోరం పేని, దానికి వేపమండలు గుచ్చి, ఊరి మొదట బాటకు అడ్డంగా ఎత్తున కడతారు. రైతులు చెర్నాకోలలు పుచ్చుకొని ఆ తోరాన్ని కొడతారు. కొట్టగా కొట్టగా నార తెగి పీచుపీచుగా రాలుతుంది. ఎవరికి దొరికిన పీచును వారు తీసుకుపోయి నాగలికీ, కాడికీ, ఎద్దుల మెడలకూ కట్టుకుంటారు. సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కూడా ఈ ముచ్చట కనిపిస్తుంది.

శిల్పకళ అనీ, చిత్రకళ అనీ మేము తరగతుల్లో పాఠాలు చెబుతాం. నారకళ అనే మాట ఏ పాఠంలోనూ రాదు. కాని ఒక ఊరంతా కూడి నారతో ఒక వస్తువును తయారుచేసి, పదిమంది కళ్ళెదుట నిలబెట్టి, మళ్ళీ అందరూ కలిసి దానిని చించి పంచుకుంటే, దానిని కళ అనక మరేమనాలి? ఈ ఏడు ఆ కళలో నాకూ కొంచెం పాలు దొరికింది.

*

మా ఊరు నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య, పెద్దరోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. పేరు రాయను. రాస్తే, మా ఊరి పేరెందుకు రాయలేదని ఇరుగుపొరుగు ఊళ్ళలోని చుట్టాలు అలుగుతారు. ఎద్దుల జతలను ఇప్పుడు మా ఊళ్ళో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ట్రాక్టర్లు వచ్చిన కొద్దీ ఏరువాక సన్నగిల్లింది. నాలుగేళ్ళనాడు కుర్రవాళ్ళు పట్టుబట్టి పండుగ చేశారు. అయితే ఊళ్ళో నార లేదు. గోగు వేసేవారు లేరు. జగ్గయ్యపేట బజారుకు పోయి నైలాన్ మోకు ఒకటి కొనుక్కొచ్చి, దానికే వేపమండలు కట్టి వేలాడదీశారు.

తరువాత జరిగినది మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. చెర్నాకోల దెబ్బకు వేపాకులు రాలాయిగాని మోకు చలించలేదు. బలంగా కొట్టినవాడి మొగం మీదికే కొరడా తిరిగివచ్చింది. అరగంట సేపు కొట్టి, చేతులు నొప్పిపుట్టి, ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. ఏ ఒక్కరి చేతికీ ఒక్క పోగు రాలేదు. మర్నాడు ఆ మోకును ఎవరో విప్పుకుపోయి బోరుమోటారు దింపటానికి వాడుకున్నారు. ఆ తరువాత రెండేళ్ళు పండుగ మాటే ఎత్తలేదు.

ఈ ఏడు జ్యేష్ఠం ఇంకా పది రోజులుందనగా మా చినతాత ఫోను చేశాడు. ఆయన మా తాతగారి పినతండ్రి కొడుకు, ఎనభై దాటినవాడు. క్షేమసమాచారాలు అడిగే అలవాటు ఆయనకు లేదు.

"ఒరేయ్, నార ఉంది. చేతులే లేవు. నువ్వు రా," అన్నాడు.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆయన పక్కన కూర్చొని పలుపులూ, తలుగులూ, ఉట్లూ పేనినవాడిని. తెలుగు ఎం.ఏ. చదివి పాతికేళ్ళుగా సుద్దముక్క పట్టుకున్నా, ఆ పని చేతికి తెలుసు. మూడు రోజులు సెలవు పెట్టి బయలుదేరాను.

నార ఎక్కడిదో పోయిన తరువాత తెలిసింది. అది మేమంతా అత్తా అని పిలిచే ఒక ఆమెది. ఆమెకు సొంత భూమి లేదు. రెండెకరాలు కౌలుకు చేస్తుంది. ఆ చేని గట్టు వెంబడి వరుసగా గోగు చల్లింది. కూరకు కోయగా మిగిలిన మొక్కలను కోయకుండా వదిలేసింది. మనం పప్పులోనూ పచ్చడిలోనూ తినే గోంగూర ఇదే. కోయకుండా వదిలితే నిలువెత్తును మించి సాగుతుంది. దాని ఆకు మనకు కూర, దాని బెరడు మనకు తాడు. గోగుకు పూత వచ్చే సమయంలో కోయాలి. ముందు కోస్తే నార పస ఉండదు. కాయ ముదిరితే నార గరుకెక్కుతుంది. కోసిన కట్టెలను కట్టలు కట్టి, పైన బరువు పెట్టి కుంటలో ముంచుతారు. దీనిని ఊరవేయటం అంటారు. నీటిలోని సూక్ష్మజీవులు బెరడును కట్టెకు అంటిపెట్టే జిగురును తినేస్తాయి. రెండు మూడు వారాలకు చేతితో లాగితే నార చీరపోగులాగా వచ్చేస్తుంది. దానిని ఉతికి ఎండలో ఆరవేయాలి. ఇదంతా కార్తీకంలో జరిగే పని. ఏరువాక వచ్చేది జ్యేష్ఠంలో. అంటే ఈ ఏటి తోరానికి నార నిరుడే సిద్ధమై ఉండాలి. నిరుడు గోగు వేయని ఊరికి ఈ ఏడు ఏరువాక లేదు. ఇది డబ్బిచ్చి అప్పటికప్పుడు బజారులో కొనుక్కొనే పండుగ కాదు.

అత్త ఆ నారను ఏడు నెలలు ఇంటి దూలానికి వేలాడదీసి దాచింది. నన్ను చూసి, "ఏమయ్యా అల్లుడూ, సుద్దముక్క పట్టే చేతులకు పురి ఎక్కుద్దా?" అని పరాచికం ఆడింది.

"చూద్దాం అత్తా," అని కూర్చున్నాను.

*

రామాలయం అరుగు మీద పని మొదలుపెట్టాం. పేనటం వచ్చినవాళ్ళం అయిదుగురం తేలాం. చినతాత, అత్త, ఒకప్పుడు నాగళ్ళు చెక్కిన వడ్రంగి బాబాయి, గొర్రెలు కాచే ఒక పెద్దాయన, నేను. మా అయిదుగురిలో నేనే చిన్నవాణ్ణి.

తాడు సూత్రం చాలా చిన్నది. గుప్పెడు నార తీసి, చిక్కు విప్పి, నీళ్ళు చిలకరించి, ఒక పాయగా పురిపెడతారు. అట్లాంటివి మూడు పాయలు. ప్రతి పాయనూ కుడివైపుకు తిప్పితే, మూడింటినీ కలిపేటప్పుడు ఎడమవైపుకు తిప్పాలి. పాయ తన పురి విప్పుకోవాలని ఒకవైపు లాగుతుంది. తాడు తన పురి విప్పుకోవాలని రెండోవైపు లాగుతుంది. ఒకదాని లాగుడు ఇంకొకదానిని బిగిస్తుంది. జిగురు లేదు, ముడి లేదు. అయినా తాడు విడిపోదు. ప్రపంచంలో ఏ దేశపు తాడైనా ఇంతే.

నేను నాలుగు బారలు పేని చినతాతకు చూపించాను. ఆయన వేళ్ళతో తడిమి, "బాగుంది. దున్నపోతును కట్టినా తెగదు. ఇప్పుడు దీన్ని కాస్త వదులు చెయ్యి," అన్నాడు.

"ఎందుకు తాతా?"

"పలుపు వేరు, తోరం వేరురా. పలుపు తెగితే ఎద్దు పోద్ది. తోరం తెగకపోతే పండగ పోద్ది."

అక్కడ ఉంది ఈ విద్య కిటుకు. తోరం తన బరువును తాను మోయాలి, వేపమండల బరువు మోయాలి, గాలికి ఆగాలి. కాని చెర్నాకోల దెబ్బకు లొంగాలి. మొదటి దెబ్బకే పుటుక్కున తెగితే నవ్వులపాలు. చివరిదాకా తెగకపోతే మరీ అన్యాయం. అంచేత నడిమి పాయను బిగువుగా, పక్క పాయలను వదులుగా పెడతారు. జానెడు జానెడుకూ కొంత నారను పేనకుండా కుచ్చుగా బయటికి వదిలేస్తారు. మొదట ఆ కుచ్చులు రాలుతాయి, తరువాత పక్క పాయలు పీచులవుతాయి, ఆఖరున నడుము తెగుతుంది. ముందు వచ్చినవాడికీ పీచు దొరకాలి, ఆలస్యంగా వచ్చినవాడికీ దొరకాలి. ఊళ్ళో ఎంతమంది ఉన్నారో మనసులో లెక్కవేసుకొని అన్ని కుచ్చులు వదలాలి. గట్టి తాడు పేనటానికి బలం చాలు. ఈ తాడు పేనటానికి ఊరు తెలిసి ఉండాలి.

మధ్యాహ్నానికి ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్లలు ఇద్దరు వచ్చి చేరారు. కాసేపు ఫోనులో ఫొటోలు తీసుకొని, కాసేపు చూసి, చివరికి ఫోను అరుగు మీద పెట్టి కూర్చున్నారు. ఒక పిల్లకు సాయంత్రానికి పురి చేతికి వచ్చింది. రెండోదానికి రాలేదు. రానిదే మర్నాడు పొద్దున్నే అందరికంటె ముందు వచ్చి కూర్చున్నది.

*

రెండోనాడు పసుపూ కుంకుమా గంటలూ కొనటానికి మా మేనల్లుడి మోటారుసైకిలు మీద జగ్గయ్యపేట పోయాం. జగ్గయ్యపేట పాతపేరు బేతవోలు. అమరావతి నిర్మించిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్యగారి పేరు దీనికి పెట్టాడు. బజారు పని ముగిసిన తరువాత, ఊరి పక్కనున్న ధనంబోడు గుట్ట మీదికి మావాణ్ణి తీసుకుపోయాను. వాడు పాతికసార్లు ఆ పక్కగా పోయినవాడేగాని గుట్ట ఎక్కి చూసినవాడు కాడు.

అక్కడ ఒక బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ దొర దానిని తవ్వించి పరీక్షించాడు. అక్కడి చెక్కడపు పలకలు చెన్నపట్నం మ్యూజియానికి చేరాయి. వాటిలో మాంధాత చక్రవర్తి పలక జగత్ప్రసిద్ధమైనది. చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మబ్బులోనుంచి చదరపు నాణాలు వానలాగా కురుస్తూ ఉంటాయి. మెట్టదేశపు శిల్పి కల కనవలసిన వానే అది! బౌద్ధ కథల్లో మన ఏరువాకకు అన్నలాంటి పండుగ కూడా ఉంది. దానిని వప్పమంగళం అంటారు. శుద్ధోదన మహారాజు స్వయంగా బంగారు నాగలి పట్టి దున్నుతూ ఉంటే, పసివాడైన సిద్ధార్థుడు నేరేడుచెట్టు నీడలో ధ్యానంలో కూర్చున్నాడని నిదానకథ చెబుతుంది.

ఆ స్తూపం స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు ప్రాకృత శాసనం ఉంది. క్రీస్తు తరువాత మూడో శతాబ్దం నాటిది. దాని తేదీ చూడండి: రాజుగారి ఇరవయ్యో ఏడు, వానాకాలపు ఎనిమిదో పక్షం, పదో రోజు. స్తంభాలు నిలబెట్టినవాడు రాజు కాడు, వర్తకుడు కాడు. ఒక పనివాడు. ఆ కాలపు మాటలో ఆవేసని. పేరు సిద్ధార్థుడు. తన తల్లి పేరు ముందు చెప్పి, తరువాత భార్యనూ, కొడుకునూ, కూతురినీ, సోదరుడి కుటుంబాన్నీ పేరుపేరునా చెప్పి, సకల జీవుల మేలు కోసం అయిదు స్తంభాలు నిలబెట్టానని చెక్కించుకున్నాడు. ఒక చేతిపనివాడి సంసారమంతా పదిహేడు వందల ఏళ్ళుగా ఆ రాతిమీద నిలిచి ఉంది.

ఈ సంగతి చెబితే మా మేనల్లుడు కాసేపు ఆలోచించి, "మరి మన తోరం మీద మీ పేర్లెక్కడ రాస్తారు మామయ్యా? రేపు సాయంత్రానికి తాడే ఉండదు గదా," అన్నాడు.

మంచి ప్రశ్న. దారి పొడుగునా నేనూ అదే ఆలోచించాను. ఈ చుట్టుపక్కల పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారు ఉన్నారు. ఆ ఊరంటే కొమర్రాజు లక్ష్మణరావుగారు పుట్టిన ఊరని తెలుగు చదివినవాళ్ళు దణ్ణం పెడతారు. తక్కిన లోకమంతా తిరుపతమ్మ తల్లికి దణ్ణం పెడుతుంది. ఆ అమ్మవారి విగ్రహాలను రెండేళ్ళకొకసారి ఊరేగింపుగా జగ్గయ్యపేటకు తెచ్చి రంగులు వేయించి తీసుకుపోతారు. అంటే ఈ మెట్టలో రాతిపని ఆయుస్సు రెండువేల ఏళ్ళు, రంగుపని ఆయుస్సు రెండేళ్ళు, నారపని ఆయుస్సు ఒక్క పూట.

అయితే ఇందులో ఒక చిత్రం ఉంది. మాంధాత పలక చెక్కిన విద్య ఎప్పుడో అంతరించింది. అయినా పలక మ్యూజియంలో క్షేమంగా ఉంది. రాతికి మనుషులు అక్కరలేదు. తనను తాను కాపాడుకుంటుంది. తోరానికి ఆ సౌకర్యం లేదు. ఒక సాయంత్రం తెగిపోతుంది గనక, మరుసటి ఏడు మళ్ళీ పేనేవాడు కావాలి. వాడికి నేర్పేవాడు కావాలి. నేర్పటానికి నార కావాలి, నారకు గోగు కావాలి, గోగుకు గట్టు కావాలి. నైలాన్ మోకు పదేళ్ళు ఉంటుంది. పదేళ్ళూ ఎవరూ ఏమీ నేర్చుకోనక్కరలేదు. పదేళ్ళ తరువాత మోకు ఉంటుందిగాని చేతులు ఉండవు. కుర్రవాళ్ళు నాలుగేళ్ళనాడు తెచ్చిన మోకుతో వచ్చిన చిక్కు అది తెగకపోవటం ఒక్కటే కాదు.

*

పున్నమినాటి సాయంత్రం తోరాన్ని పసుపునీళ్ళలో తడిపి, వేపమండలు గుచ్చి, డప్పులతో ఊరేగించి, ఊరి మొదటి వేపచెట్టుకూ ఎదుటి కరెంటు స్తంభం పక్కన పాతిన గుంజకూ మధ్య కట్టారు. ఎద్దుల జతలు ముందు నిలిచాయి. వాటి వెనక ట్రాక్టర్లు, ఆటోలు. పాత రోజుల్లో మొదటి దెబ్బ పెద్ద కమతం గలవారిది. తరువాత అంతస్తులనుబట్టి తక్కినవారిది. ఆడవాళ్ళు దూరంగా నిలబడి చూసేవారు.

చినతాత చెర్నాకోల పుచ్చుకొని, అందరినీ దాటుకొని పోయి అత్త ముందు నిలబడ్డాడు. "నార నీది. మొదటి దెబ్బ నీది," అన్నాడు.

జనంలో గుసగుసలు బయలుదేరాయి. ఒక పెద్దమనిషి, "ఆడమనిషి తోరం కొట్టటం ఎక్కడి ఆనవాయితీ బాబాయ్?" అన్నాడు.

"నైలాన్ తాడు ఎక్కడి ఆనవాయితీరా?" అన్నాడు చినతాత వెనక్కి తిరగకుండానే.

అత్త వెంటనే కొరడా అందుకోలేదు. "కొట్టటం ఎవరు కొడితే ఏంలే బాబాయ్. నా పీచు నాకు కావాలి. నా చేలో కట్టుకోవాలి. ఏ కాగితంలోనూ అది నా చేను కాదు. ఈ పీచన్నా నాదని చెప్పుద్ది," అన్నది.

ఆ మాట వెనక ఉన్నది ఊళ్ళో అందరికీ తెలుసు. 2024 వరదకు ఆమె చేను మునిగింది. విత్తనమూ ఎరువూ కూలీ ఆమెవి; నష్టపరిహారం మాత్రం భూమి ఎవరి పేర ఉందో వారి పేర వచ్చింది. కౌలురైతులకు హక్కుపత్రాలు ఇవ్వటానికి మన రాష్ట్రంలో 2019లో చట్టం చేశారు. కాని దానికి భూయజమాని సంతకం కావలసి వచ్చింది. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమానులు భయపడ్డారు. పంట పండించేవారు చాలామంది కాగితానికి బయటే ఉండిపోయారు. పండుగ పీచు హక్కుపత్రం కాదు. ఆ సంగతి అత్తకు తెలియక కాదు.

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఆ పెద్దమనిషే గొంతు సవరించుకొని, "కొట్టవే చెల్లీ, పొద్దుపోతుంది," అన్నాడు.

అత్త కొంగు బిగించి కొరడా అందుకున్నది. మొదటి దెబ్బ గాలిలో పోయింది. రెండోది తగిలింది. మూడోదానికి ఒక కుచ్చు ఊడి ఆమె భుజం మీదనే పడింది. జనం గొల్లుమన్నారు. ఇక ఆ తరువాత వరసలు లేవు. పాలేళ్ళూ, ఆసాములూ, ఆటో తోలేవాళ్ళూ, పేనటం నేర్చుకున్న ఆ ఇద్దరు పిల్లలూ అందరూ కొట్టారు. చినతాత లెక్క తప్పలేదు: ముందు కుచ్చులు రాలాయి, తరువాత పాయలు విచ్చుకున్నాయి, చీకటి పడేవేళకు నడుము తెగింది. ఎద్దుల మెడలకు పీచులు ఎక్కాయి. ట్రాక్టరు స్టీరింగులకూ, ఆటో అద్దాలకూ ఎక్కాయి. మా మేనల్లుడు మోటారుసైకిలుకు కట్టుకున్నాడు. మా అయిదుగురి పనితనం గంటన్నరలో ఊరంతా పంపకమైపోయింది. పేరు ఎక్కడ రాసుకుంటారని మావాడు అడిగినదానికి ఇదే జవాబు కాబోలు. వాడు మళ్ళీ అడగలేదు.

వాన పడిందా అని మీరు అడుగుతారు. ఆ రాత్రి పడలేదు. తోరం తెగితే వాన పడుతుందని మావాళ్ళెవరూ అనరు. వాన పడేనాటికి మనం సిద్ధంగా ఉండాలనే అంటారు.

ఈ ఆలోచన మన ఒక్కరిదే కాదు. అదే పున్నమిని కన్నడిగులు కారహుణ్ణిమె అంటారు. ఉత్తర కర్ణాటకంలో ఊరి వాకిట కట్టిన తోరాన్ని ఎద్దులనే పరుగెత్తించి తెంపిస్తారు. ముందు దూసుకుపోయిన ఎద్దు రంగునుబట్టి ఆ ఏడు తెల్లపంట మేలా, ఎర్రపంట మేలా అని చెప్పుకుంటారు. జపానులోని ఒకినావా దీవిలో, నాహా నగరంలో టన్నుల బరువు గల మోకుతో ఊరు రెండుగా చీలి లాగుడుపందెం ఆడతారు. ఆట ముగియగానే జనం ఆ మోకు పోగులను కోసుకొని శుభమని ఇళ్ళకు తీసుకుపోతారు. పెరూ దేశంలో అపురిమాక్ నది మీద కేస్వచాక అనే గడ్డివంతెన ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏటా జూన్ నెలలో కూడి, గడ్డి పేని, పాత వంతెనను తెంచి నదిలో వదిలి కొత్తది కడతారు. 2013లో యునెస్కో ఆ విద్యను మానవాళి వారసత్వంగా గుర్తించింది. గుర్తించినది వంతెనను కాదు, ఏటేటా దానిని పేనే విద్యను. మన తోరానికి అంత గుర్తింపు రాకపోయినా ఫరవాలేదు. గట్టున నాలుగు గోగుమొక్కలుంటే చాలు.

మర్నాడు నేను బయలుదేరేటప్పటికి అత్త అరుగు మీద కూర్చొని గోగువిత్తులు పొట్లాలు కడుతున్నది. ఏడు ఇళ్ళవాళ్ళు అడిగారట. తోరం కొట్టటం ఆనవాయితీ కాదన్న పెద్దమనిషి ఇంటివారు అందులో ఒకరు. స్కూలు వెనక ఖాళీ జాగాలో వేస్తామని ఆ ఇద్దరు పిల్లలు ఒక పొట్లం పట్టుకుపోయారు. పొట్లం కట్టేటప్పుడు ఒక్కొక్కరికీ అత్త ఒకే మాట చెబుతున్నది: "కూరకు సగమే కొయ్యండి."

చినతాత బస్సు దాకా వచ్చాడు. "కార్తీకంలో కుంట దగ్గరికి రా. నార లాగే పని ఉంటది," అన్నాడు. మళ్ళీ ఏదో గుర్తుకొచ్చినవాడల్లే, "ఊరిన గోగు మహా కంపు కొడుద్దిరోయ్. నాలుగు రోజులదాకా చేతులనుంచి పోదు. మీ కాలేజీవాళ్ళు దగ్గరికి రానివ్వరేమో ఆలోచించుకో," అన్నాడు.

వస్తానన్నాను.